పాత పాట మీద పడి ఏడవకండి

భార్య సూట్‌కేసు సర్దుకుంటూ ఉంటుంది. భర్త గుమ్మంలో నిలబడి చూస్తుంటాడు. ఇద్దరి నోటా మాట రాదు, రాసినవాళ్ళకు తోచలేదు కాబట్టి. అంతలో వెనకనుంచి డెబ్బయ్యో దశకం నాటి పాట పల్లవి మొదలవుతుంది. కెమెరా ఆమె మొహం మీదికీ అతని మొహం మీదికీ వంతులవారీగా తిరుగుతుంది. ఎపిసోడ్ అయిపోతుంది. మర్నాడు బెంగళూరులో వర్తూరు కోడి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆఫీసు క్యాబ్‌లో అదే మాట, సాయంత్రం అపార్ట్‌మెంట్ బెంచీల మీదా అదే మాట: “సీన్‌లో ఏముంది గానీ, ఆ పాట పెట్టాడు చూడండీ, గుండె పిండేశాడు!”

ఈ మాట ఇప్పుడు ఒక సిద్ధాంతం అయి కూర్చుంది. దానిని పూర్తి బలంతోనే చెప్పుకుందాం. ఒకటి, పాత పాట సన్నివేశానికి లోతు ఇస్తుంది. వంద డైలాగులు చెయ్యలేని పని ఒక పల్లవి చేస్తుంది. రెండు, సీరియళ్ళ వల్ల, వెబ్ సిరీస్‌ల వల్లే కొత్త తరానికి ఆ పాటలు తెలుస్తున్నాయి. మూడు, అది పాత కళాకారులకు గౌరవం, వాళ్ళ కుటుంబాలకు నాలుగు రూపాయలు. నాలుగు, రోజూ ఒక ఎపిసోడ్ తీసేవాడికి కొత్త పాట చేయించే తీరిక లేదు, చేయించినా ఈ కాలపు పాటలో ప్రాణం ఉండదు. వీటికి తోడు విదేశీ సాక్ష్యం ఒకటి. 1985లో కేట్ బుష్ పాడిన పాటను 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ వెబ్ సిరీస్ వాడుకుంటే, 37 ఏళ్ళ తర్వాత అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. “అక్కడ పనిచేసింది ఇక్కడ పనిచెయ్యదా?” అంటారు.

అంటున్నవాళ్ళు సంగీతం తెలియనివాళ్ళేం కాదు. ఆ పాటల మీద వాళ్ళ ప్రేమా దొంగది కాదు. కానీ ఈ నాలుగు మెట్లలో ఒక్కటీ బరువు పెడితే నిలవదు.

1. ఆ కన్నీళ్ళు ఎవరి కోసం?

వర్తూరు మెయిన్ రోడ్డు మీద నేను తరచు భోంచేసే ఆంధ్రా మెస్ ఒకటుంది. గోడకు టీవీ, దానిలో రాత్రంతా తెలుగు సీరియళ్ళు. ఓనరుది కడప వైపు, వంటాయనది మండ్య. ఒక రాత్రి తెర మీద ఎవరో ఎవరినో వదిలి వెళ్ళిపోతుంటే, వెనక ‘పూజ’ సినిమాలో దాశరథి రాసిన జన్మల బంధం పాట వచ్చింది. పప్పు బకెట్ పట్టుకుని వడ్డిస్తున్న వంటాయన ఆ బాణీని కన్నడ మాటలతో అందుకున్నాడు. “అణ్ణా, ఇది మా రాజ్‌కుమార్ పాట” అన్నాడు. “పోవయ్యా, మా బాలు పాట” అన్నాడు ఓనరు. నిజానికి ఇద్దరిదీ నిజమే. మైసూరు సోదరులు రాజన్-నాగేంద్ర 1974లో ‘ఎరడు కనసు’కు కట్టిన బాణీ అది. ఆ సినిమాను 1975లో తెలుగులో ‘పూజ’గా తీసినప్పుడు అదే బాణీ ఇటు వచ్చింది. వాళ్ళిద్దరూ పాట ఎవరిదో తేల్చుకుంటున్నారు. ఓనరు తన పెళ్ళినాటి క్యాసెట్ సంగతి ఎత్తాడు. వంటాయన వాళ్ళ ఊరి టూరింగ్ టాకీస్ సంగతి చెప్పాడు. పెరుగు కోసం చెయ్యి చాపిన కుర్రాడు అలాగే కూర్చున్నాడు. తెర మీద ఏడుస్తున్న అమ్మాయి వైపు ఎవరూ చూడలేదు.

‘లోతు’ అని మనం మురిసిపోయేది ఇదే. ఇష్టమైన పాత పాట వినగానే మనిషి కథలోకి వెళ్ళడు, తన గతంలోకి వెళ్తాడు. కళ్ళలో నీళ్ళు నిజమే, కానీ అవి ఆ సీరియల్ నాయిక కోసం వచ్చినవి కావు. చనిపోయిన నాన్న కోసమో, అమ్మేసిన ఇంటి కోసమో, పెళ్ళి చేసుకోలేకపోయిన మనిషి కోసమో వచ్చినవి. నాయిక ఎందుకు వెళ్ళిపోతోందో అడిగి చూడండి, మూడొంతుల మంది చెప్పలేరు. సన్నివేశం పండిందనడానికి గుర్తు, పాట తీసేసినా అది నిలబడటం. పాట ఆపగానే కూలిపోయే సన్నివేశాన్ని మోస్తున్నది పాట. రచయిత, దర్శకుడు, నటి ఆ రోజు పని మానేసి, జీతం మాత్రం పుచ్చుకున్నారు.

జ్ఞాపకాన్ని తట్టి లేపడానికి పాట ఒక్కటే దారి కూడా కాదు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90s – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ చూసినవాళ్ళు ఇంటిల్లిపాదీ చెప్పుకున్నది చిన్నవాడి ఉప్మా కష్టాల గురించి, లెక్కల మాస్టారైన తండ్రి గురించి, ప్రోగ్రెస్ కార్డు గురించి. ఆ దశకం ఆ ఇంట్లోకి వంటింటి గుండా, చదువుల బల్ల గుండా వచ్చింది. గమనించి రాసినవాడికి అరువు పల్లవితో పనిలేదు.

2. కేట్ బుష్ సాక్ష్యం ఏ పక్షానిది?

‘స్ట్రేంజర్ థింగ్స్’ పేరు ఎత్తేవాళ్ళు ఆ సన్నివేశంలో పాట చేసే పనిని మర్చిపోతారు. మ్యాక్స్ అనే అమ్మాయికి వాక్‌మన్‌లో ఎప్పుడూ వినే పాట ఒకటుంది. దుష్టశక్తి ఆమెను పట్టుకున్నప్పుడు స్నేహితులు ఆ పాటను వెతికి చెవుల్లో పెడితే ఆమె బతుకుతుంది. ఆ పాట కథలో ఉంది, ఆ పిల్ల వింటోంది. అది లేకపోతే కథ ముందుకు సాగదు. కేట్ బుష్ పాటలకు తేలిగ్గా అనుమతి ఇచ్చే మనిషి కాదు. ఆ సన్నివేశాల స్క్రిప్టు పేజీలు ఆమెకు పంపి, ఒప్పించి తెచ్చుకున్నారు. మన సీరియల్‌లో వెనకనుంచి వచ్చే పల్లవి ఏ పాత్రకూ వినపడదు. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పాడరు, ఎవరూ రేడియో పెట్టరు. ఇంటి వెనక ఎవరో స్పీకరు పెట్టినట్టు వచ్చి, దానంతటదే ఆగిపోతుంది.

ఇంకా పెద్ద చిక్కు ఉంది. 2022లో ఆ పాట వెంట పడింది ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్ళ పిల్లలు. 1985లో వాళ్ళు పుట్టనే లేదు. వాళ్ళకు ఆ పాటతో ఏ పాత జ్ఞాపకమూ లేదు. వాళ్ళ మటుకు అది కొత్త పాట, మంచి కథలో సరైన చోట విన్న కొత్త పాట. అంటే ఆ విజయం జ్ఞాపకాల బలం వల్ల వచ్చింది కాదు, సన్నివేశం బలం వల్ల వచ్చింది. పాత పాట పెట్టినందుకే పండిందని చెప్పడానికి తెచ్చిన సాక్షి, జ్ఞాపకం లేకపోయినా పండుతుందని చెప్పి వెళ్ళిపోయింది.

3. పరిచయం అంటే ఇరవై సెకన్లా?

“లేకపోతే ఈ పిల్లలు ఘంటసాలను వింటారా, సుశీలను వింటారా?” అని అడుగుతారు. వినాలనే నా కోరికా. కానీ సీరియల్ వినిపించేది ఎంత? పల్లవి, మహా అయితే ఇరవై ముప్పై సెకన్లు. మధ్యలో అత్తగారి మాట, ఆ మాటకు ఉరుము చప్పుడు, ఆ పైన బ్రేక్. చరణం దాకా వెళ్ళిన దాఖలా అరుదు. తెలుగు సినిమా పాటలో కవి అసలు పనితనం కనిపించేది చరణంలో. పల్లవిలో ఎత్తిన మాటకు చరణంలో లెక్క అప్పజెప్తాడు. సీరియల్ ఆ లెక్క వినే లోపలే లేచిపోతుంది.

పరిచయం చేసేవాడు కనీసం పేరు చెప్తాడు. పాట వస్తున్నప్పుడు తెర మీద కింద వరసలో “రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా” అని ఎన్ని సీరియళ్ళు వేస్తాయి? నగల షాపు పేరుకు, పసుపు పాకెట్ పేరుకు చోటు ఉంటుంది. దాశరథి పేరుకు ఉండదు. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో బాలసుబ్రహ్మణ్యం చేసింది చూడండి. పిల్లవాడు పాడింది పాత పాటే. కానీ పాడించి ఊరుకోలేదు. ఎవరు రాశారో చెప్పాడు, ఆ రాగం ఏమిటో చెప్పాడు, రికార్డింగ్ రోజు జరిగిన ముచ్చట చెప్పాడు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పాడు. పరిచయం అంటే అది. దానివల్ల పాడే తరం ఒకటి తయారైంది. సీరియల్ పల్లవి వల్ల తయారైంది ఫోన్ రింగ్‌టోన్, అది కూడా రెండు వారాలకు మారిపోతుంది.

4. గౌరవం ఎవరికి, రూపాయి ఎవరికి?

పాట వాడితే పాత కళాకారులకు నాలుగు డబ్బులు వస్తాయన్న మాట వినడానికి బాగుంటుంది. చట్టం చరిత్ర వేరుగా చెప్తోంది. సినిమా కోసం చేయించిన పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు నిర్మాతే అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నిర్మాతల దగ్గరినుంచి హక్కులు రికార్డు కంపెనీలకు చేరాయి. గీత రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీ వాటా తప్పనిసరి చేస్తూ కాపీరైట్ చట్టాన్ని సవరించింది 2012లో. అప్పటికి మనం కన్నీళ్ళు పెట్టుకునే పాటల కవుల్లో చాలామంది లేరు. ఇక ఆ పాటలో వయొలిన్ వాయించినవాడు, తబలా పట్టినవాడు, కోరస్‌లో గొంతు కలిపినవాడు ఆ రోజు కాల్షీటు డబ్బు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. సీరియల్ ఎన్నిసార్లు వాడినా వాళ్ళ ఇంటికి వచ్చేది ఏమీ లేదు.

పాత పాట మీద ఎవరి హక్కు ఎంత అన్నది ఇప్పటికీ వివాదమే. 2024లో ‘మంజుమ్మల్ బాయ్స్’ సినిమాలో 1991 నాటి ‘గుణ’ పాట వాడినందుకు ఇళయరాజా నోటీసు పంపారు. హక్కులున్న కంపెనీల దగ్గర అనుమతి తీసుకున్నామని నిర్మాతలు అన్నారు. ఆ తగవులో ఎవరి మాట చెల్లుతుందన్నది న్యాయవాదుల పని. మనం చూడాల్సింది ఒకటే. లైసెన్సు కాగితం ఒకచోట తీసుకుంటే చాలనుకునే వ్యాపారంలో, పాట కట్టినవాడు తన పాట వాడుకున్నారని తెలిసి నోటీసు పంపాల్సి వస్తోంది. గౌరవం ఇచ్చేవాడు ముందుగా అడుగుతాడు. అడగకుండా తీసుకుని “మీకు నివాళి అండీ” అనడం, పెరట్లో మామిడికాయలు దులిపేసి ఇంటాయనకు దణ్ణం పెట్టడం లాంటిది.

5. తీరిక లేదా, ఇష్టం లేదా?

రోజూ ఎపిసోడ్ ఇవ్వాలి, కొత్త సంగీతానికి సమయం ఏది అంటారు. దీనికి జవాబు మన టీవీ చరిత్రలోనే ఉంది. మంజులా నాయుడు దర్శకత్వంలో దూరదర్శన్‌లో వచ్చిన ‘ఋతురాగాలు’కు సొంత పాట ఉంది. బంటి కట్టిన ఆ బాణీ వినపడితే తొంభైల్లో పెరిగినవాళ్ళు ఈ రోజుకీ చేస్తున్న పని ఆపుతారు. ఆమే జెమినీలో తీసిన ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ రోజువారీ సీరియళ్ళే. వెయ్యికి పైగా ఎపిసోడ్లు నడిచిన ‘మొగలిరేకులు’కు సొంత టైటిల్ పాట ఉంది. 2001లో మొదలైన ‘అమృతం’కు సిరివెన్నెల సీతారామశాస్త్రి చేత రాయించారు, కల్యాణి మాలిక్ స్వరపరిచి పాడాడు. నవ్వు సీరియలే కదా అని ఆ పాటను తేలిగ్గా తీసుకోలేదు. జీవితంలో చిన్నచిన్న దెబ్బలను ఎలా తీసుకోవాలో సిరివెన్నెల అందులో చెప్పాడు. సీరియల్ ఆగిపోయిన తర్వాత కూడా ఆ పాట జనం నోట్లో ఉండిపోయింది.

లెక్క కూడా వేసుకోండి. టైటిల్ పాట ఒక్కసారి చేయిస్తే వెయ్యి ఎపిసోడ్లకు పనికొస్తుంది. దాని బాణీని నెమ్మదిగా వేణువు మీద వాయిస్తే విషాదం, మృదంగం జోడిస్తే పెళ్ళి, ఒక్క వీణ తీగ మీటితే అనుమానం. ఒకే బాణీ వందరకాలుగా సన్నివేశాన్ని మోస్తుంది. ఇదంతా తెలియక కాదు. ఇష్టం లేక.

ఇక ప్రాణం మాట. పాత పాటలన్నీ బంగారం అనేవాళ్ళు ఒకటి గమనించరు. పాత పాటల్లో చెత్తంతా కాలం ఏరి పారేసింది, మిగిలినవే మనం వింటున్నాం. ఆ ఏరిన గింజల్ని ఇవాళ మిల్లులోకి వచ్చిన మొత్తం ధాన్యంతో పోల్చడం న్యాయం కాదు. కొత్త సంగీతంలో ప్రాణం లేదన్నవాళ్ళకు ‘స్కామ్ 1992’ వెబ్ సిరీస్ గుర్తులేదా? తొంభైల నాటి కథ అది. ఆనాటి హిందీ సినిమా పాటలతో నింపేస్తే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. 2020లో అచింత్ ఠక్కర్ కొత్తగా కట్టిన థీమ్ దేశమంతా మార్మోగింది. 2023లో వచ్చిన ‘జూబిలీ’ కథ నలభై, యాభైల బొంబాయి సినిమా లోకం. అక్కడ పాత పాటలు కొనుక్కుంటే సరిపోయేది. కానీ అమిత్ త్రివేది ఆ కాలపు వాద్యాలతో, ఆ కాలపు గొంతుల తీరుతో కొత్త పాటలు కట్టాడు, కౌసర్ మునీర్ రాసింది. మన కన్నడ పొరుగువాడు శంకర్ నాగ్ 1986లో ‘మాల్గుడి డేస్’ తీసినప్పుడు ఎల్. వైద్యనాథన్ చేత ఒక చిన్న బాణీ కట్టించాడు. మాటలు లేవు, పెద్ద ఆర్కెస్ట్రా లేదు. ఇప్పటికీ ఆ కూనిరాగం వినగానే ఆగుంబె వీధులు కనిపిస్తాయి. ఆ బాణీ అంతకు ముందు ఎవరి జ్ఞాపకాల్లోనూ లేదు. ఆ సీరియలే దాన్ని జ్ఞాపకం చేసింది.

6. అప్పు ఎప్పుడు తీరుస్తారు?

మిగతా వాదనలన్నీ పక్కన పెట్టినా ఇది మిగులుతుంది. ఇవాళ మన టీవీ దగ్గర సొంతమైనది ఎంత ఉందో చూడండి. ‘కార్తీకదీపం’ కథ మలయాళం ‘కరుత్తముత్తు’ నుంచి, పేరు 1979 నాటి సినిమా నుంచి. ‘ఎన్నెన్నో జన్మల బంధం’ కథ హిందీ ‘యే హై మొహబ్బతే’ నుంచి, పేరు ఆ రాజన్-నాగేంద్ర పాట నుంచి. కథ ఒకరిది, పేరు ఒకరిది, కన్నీళ్ళు తెప్పించే బాణీ ఇంకొకరిది అయితే ఛానల్ తెచ్చింది ఏమిటి? పట్టుచీరలు, దీపాల స్టాండ్లు.

అరువు సంగీతానికి గడువు కూడా ఉంటుంది. అరవైల అమెరికా పాటలు నింపుకుని 1988 నుంచి 1993 దాకా నడిచిన ‘ద వండర్ ఇయర్స్’, పాటల లైసెన్సుల చిక్కు వల్ల 2014 దాకా పూర్తిగా డీవీడీగా రాలేకపోయింది. 1978లో మొదలైన ‘డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి’ రేడియో స్టేషన్ కథ. తర్వాతి విడుదలల్లో అసలు పాటలు చాలా తీసేసి వేరే సంగీతం అతికించారు. పాట మీద నిలబెట్టిన సన్నివేశం నుంచి పాట తీసేస్తే ఏం మిగులుతుంది? రేపు మన సీరియళ్ళ పాత ఎపిసోడ్లు ఓటీటీలో చూసేవాడికి లైసెన్సు అయిపోయిన చోటల్లా మౌనం ఎదురవుతుంది. ఇద్దరు మనుషులు గుమ్మంలో నిలబడి కారణం లేకుండా ఒకరినొకరు చూసుకుంటుంటారు.

అన్నిటికన్నా పెద్ద నష్టం పిల్లలది. వర్తూరులో, గుంజూరులో, బళగెరెలో తెలుగు ఇళ్ళల్లో పెరుగుతున్న పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు మాట్లాడతారు. వాళ్ళకు తెలుగు చేరే దారుల్లో నాయనమ్మ చూసే సీరియల్ ఒకటి. మాకు ‘ఋతురాగాలు’ దక్కింది, మా తమ్ముళ్ళకు ‘అమృతం’ దక్కింది. వీళ్ళకు దక్కేది నాయనమ్మ పెళ్ళినాటి పాటలో ఇరవై సెకన్లు. ముప్పై ఏళ్ళ తర్వాత వీళ్ళు చిన్నతనం గుర్తు చేసుకోవాలంటే వీళ్ళ కాలానికని పుట్టిన బాణీ ఏది? పాత తరం దాచిన సొమ్ము తినే తరం, తన పేర ఒక్క రూపాయి వెయ్యకుండా పోతోంది.

7. అయితే పాత పాట వాడకూడదా?

వాడొచ్చు. ఎలా వాడాలో 1978లో బీబీసీలో డెన్నిస్ పాటర్ ‘పెన్నీస్ ఫ్రమ్ హెవెన్’లో చూపించాడు. కథానాయకుడు ఆర్థర్ ముప్పైల కాలంలో పాటల నోట్స్ పుస్తకాలు ఊరూరా తిరిగి అమ్ముకునేవాడు. ఆ తియ్యటి పాటల్లో చెప్పినట్టే లోకం ఉంటుందని నమ్ముతాడు. పాత్రలు ఉన్నట్టుండి పాత రికార్డులకు పెదవులు కదుపుతూ పాడతారు. పాట ఒక మాట ఇస్తుంది, జీవితం ఆ మాట తప్పుతుంది. చివరకు ఆర్థర్ చెయ్యని హత్యకు ఉరికంబం ఎక్కుతాడు. అక్కడ పాత పాట జోకొట్టదు, నిలదీస్తుంది. ఆ పాటలను ప్రేమించినవాడే అలా వాడగలడు.

మనవాళ్ళకు షరతులు మూడు. పాత పాట పెడితే కథలో ఎవరో ఒకరు అది వినాలి, పాడాలి, లేదా విని తట్టుకోలేక రేడియో కట్టెయ్యాలి. పాట వచ్చినప్పుడు కవి, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు తెర మీద పడాలి. నగల షాపు పేరు పట్టిన చోట నాలుగు పేర్లు పట్టవా? ఏ సీరియల్ అయినా, ఏ సిరీస్ అయినా తన సొంత పాట ఒకటి, సొంత బాణీ ఒకటి లేకుండా మొదలు కాకూడదు. ఈ మూడూ చెయ్యలేని దర్శకుడు ఆ గుమ్మం సన్నివేశాన్ని నిశ్శబ్దంగా తీసి చూపించాలి. అప్పుడు తెలుస్తుంది తను రాయించింది ఏమిటో, నటి చేసింది ఏమిటో. అది తేలిపోతే మళ్ళీ రాయించుకోవాలి తప్ప, ఘంటసాలను పిలిచి తన బదులు ఏడవమనకూడదు. ఆయన తన సినిమాల కోసం ఏడవాల్సిందంతా ఎప్పుడో ఏడ్చేశారు. మీ కథ కోసం మీరు ఏడవండి.